సంతకం లేని ఊరు

యారాడ కొండ ఎక్కి దిగితే చాలు, విశాఖ పారిశ్రామిక చరిత్ర సగం కంటబడుతుంది. కొండకు ఈ పక్క ఓడరేవు కాలువ, షిప్‌యార్డు, మల్కాపురంలో చమురు శుద్ధి కర్మాగారం, శ్రీహరిపురంలో ఎరువుల ఫ్యాక్టరీ. ఆ పక్కకు దిగితే ఊరు, కొబ్బరి తోటలు, ఇసుక తీరం. తీరం వెంట దక్షిణంగా పోతే గంగవరం పోర్టు, దాని వెనక ఉక్కు కర్మాగారం. ఇన్ని సంస్థల్లో ఏదీ కాగితం లేకుండా రాలేదు. ప్రతిదానికీ ఏదో ఒక ఫర్మానా, సంధి, లీజు, ఒప్పందం, చట్టం ఉన్నాయి. ఆ కాగితాల మీద కంపెనీ సంతకం ఉంటుంది, ప్రభుత్వం సంతకం ఉంటుంది. ఊరి సంతకం ఎక్కడా కనబడదు. పంచాయతీ అయినా, మున్సిపాలిటీ అయినా ఒక పెద్ద కంపెనీతో ఎదురెదురుగా కూర్చుని 'ఇంత ఇస్తే ఇంతకు ఒప్పుకుంటాం' అని రాసుకున్న సందర్భం మూడున్నర శతాబ్దాల ఈ తీరం కథలో వెతికినా దొరకడం కష్టం.

మొదటి కంపెనీ ఈస్టిండియా కంపెనీయే. 1682లో, గోల్కొండ నవాబుల ఏలుబడి చివరి రోజుల్లో, విశాఖపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. ఏడేళ్లకే, 1689లో, ఔరంగజేబు సేనలు దాన్ని పట్టుకుని స్థావరంలోని ఇంగ్లీషువాళ్లను చంపాయి. కంపెనీ పోలేదు. తర్వాతి శతాబ్దంలో బేరం పెద్దదైంది. 1765లో మొగలు పాదుషా రెండో షా ఆలం నుంచి ఉత్తర సర్కార్లకు క్లైవు ఫర్మానా రాయించుకున్నాడు. 1768 సంధిలో నిజాం దానికి తలూపాడు, అందుకు ప్రతిగా ఏటా ఇంత సొమ్మని కంపెనీ ఒప్పుకుంది. యాభై ఏళ్లకు పైగా నడిచిన ఆ ఏటి చెల్లింపును 1823లో ఏకమొత్తం కట్టి కంపెనీ వదిలించుకుంది. హైదరాబాదులో పామర్ కంపెనీకి నిజాం పడ్డ బాకీ తీర్చడానికే ఆ సొమ్ము అక్కరకొచ్చింది. ఇవాళ బ్యాంకువాళ్లు వన్ టైమ్ సెటిల్‌మెంట్ అంటున్నది ఇదే. ఒక కంపెనీ బాకీ తీర్చడానికి ఇంకో కంపెనీ డబ్బిచ్చింది, మధ్యలో గంజాం నుంచి గుంటూరు దాకా తీరమంతా చేతులు మారింది.

ఈ బేరాల్లో స్థానికంగా ఎదురు నిలిచిన ఒక్క గొంతూ విజయనగరం వారిది. కప్పంగా కట్టే పేష్కష్ బకాయిల మీద కంపెనీకీ, చినవిజయరామరాజుకూ మధ్య పేచీ ముదిరింది. కంపెనీ ఆయన్ను జమీ నుంచి తప్పించి భరణం మీద మచిలీపట్నం పొమ్మంది. ఆయన పోలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనల చేతిలో ప్రాణం విడిచాడు. ఆ తర్వాతే అసలు రాజీ కుదిరింది. కొడుకు నారాయణ బాబుకు కుదించిన జమీ తిరిగి ఇచ్చి, కొత్తగా పేష్కష్ నిర్ణయించారు. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి దాని మీద ముద్ర వేసింది. అప్పటికి కంపెనీయే ప్రభుత్వం, కంపెనీ ఉద్యోగే కలెక్టరు. పన్ను వేసేవాడూ, వ్యాపారం చేసేవాడూ ఒక్కడే అయినచోట రాజీకి రెండో పక్షమెక్కడిది?

పట్నానికి మున్సిపాలిటీ వచ్చింది 1860ల్లో. దీపాలు, కాలువలు, ఇంటిపన్ను, అంతవరకే దాని పని. ఓడరేవు లాంటి పెద్ద వ్యవహారాలు దాని గడప తొక్కలేదు. 1920ల్లో ఉప్పుటేరు బురదను తవ్వి రేవు కట్టాలని నిర్ణయించింది ఢిల్లీ, పని చేయించింది బెంగాల్ నాగపూర్ రైల్వే. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు వేసి, మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడం లక్ష్యం. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద అలల తాకిడి ఆపడానికి జేనస్, వెల్లెడ్‌సెన్ అనే రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి ప్రారంభించాడు. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ రేవు పక్కనే నౌకానిర్మాణానికి సిద్ధమై 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేత పునాదిరాయి వేయించింది. 1948 మార్చిలో నెహ్రూ అక్కడ కట్టిన జల ఉష ఓడను నీటిలోకి పంపాడు. నాలుగేళ్లకు ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డు చేసింది. ఈ మలుపులన్నీ జాతీయోద్యమ ఘట్టాల్లా చదువుకున్నాం, అవి నిజంగా అలాంటివే. అయినా రేవు వల్ల పట్నానికి రావలసింది ఎంత అని లెక్కగట్టే హక్కు మున్సిపాలిటీకి ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడ ఆగి, మల్కాపురం రిఫైనరీ దగ్గర కాస్త నిలబడాలి.

1953లో భారత ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 1957లో ఈ రిఫైనరీ నడిపించింది కాల్టెక్స్. స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా, టెక్సాకో కలిసి 1936లో పెట్టుకున్న ఉమ్మడి సంస్థ అది. ఆ స్టాండర్డ్ ఆయిలే తర్వాత షెవ్రాన్ అయింది. శ్రీహరిపురంలో 1967లో ఉత్పత్తి మొదలెట్టిన కోరమండల్ ఫెర్టిలైజర్స్‌కు పునాది వేసిన వాళ్లలోనూ షెవ్రాన్ కెమికల్ ఒకటి. బస్సు కండక్టర్లు ఇప్పటికీ కోరమండల్ గేట్ అని కేకేసే చోటుకీ, శాన్‌ఫ్రాన్సిస్కో ఖాతం ఒడ్డుకీ ఇలా చుట్టరికం కలిసింది. ఖాతానికి ఆ ఒడ్డున రిచ్‌మండ్ అనే ఊరుంది. అక్కడ ఇదే వంశపు రిఫైనరీ 1902 నుంచి నడుస్తోంది. అంటే రిచ్‌మండ్ నగరంగా ఏర్పడిన 1905 కన్నా మూడేళ్లు ముందే.

ఒకే ఇంటి నుంచి వచ్చిన రెండు రిఫైనరీలు, రెండు రేవు ఊళ్లు. కంపెనీతో ఆ ఊళ్ల వ్యవహారం మాత్రం పూర్తిగా వేరు.

1953 ఒప్పందంలో కాల్టెక్స్ గట్టి హామీలే రాబట్టింది. పాతికేళ్లు జాతీయం చేయబోమన్న మాట, దిగుమతి సుంకాల విషయంలో రక్షణ వాటిలో ముఖ్యమైనవి. అప్పటికి విశాఖ ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. చర్చలు నడిచింది ఢిల్లీలో. పాతికేళ్ల గడువు నిండకముందే, 1976 చివర్లో, ప్రభుత్వం కాల్టెక్స్‌ను చేజిక్కించుకుంది. 1977లో దానికి పార్లమెంటు చట్టం చేసింది, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపారు. కంపెనీకి ఎంత చెల్లించాలో చట్టంలోనే రాశారు. పక్కనే ఉన్న బస్తీకి ఎంత చెల్లించాలన్న ప్రశ్నే లేదు. అలాంటి పక్షం ఒకటుందని ఎవరికీ తోచలేదు.

రిచ్‌మండ్ జనాభా సుమారు లక్షా పదిహేను వేలు. మన గాజువాక ప్రాంతంలో సగం కూడా ఉండదు. 2008లో ఆ ఊరివాళ్లు ఓటు వేసి, కర్మాగారాలు వాడే ముడిసరుకు విలువ మీద వ్యాపార పన్ను పెట్టుకున్నారు. షెవ్రాన్ కోర్టుకెళ్లి కొట్టేయించింది. ఊరు ఊరుకోలేదు, ఇంకో పన్ను ఓటుకు పెడతామంది. 2010లో రెండు పక్షాలూ దిగొచ్చి రాజీ రాసుకున్నాయి: పదిహేనేళ్లలో 11.4 కోట్ల డాలర్లు. 2012 ఆగస్టు 6న రిఫైనరీలో మంటలు లేచాయి, దాదాపు పదిహేను వేల మంది ఆస్పత్రుల మెట్లెక్కారు. నగరం దావా వేసింది, 2018లో 50 లక్షల డాలర్లకు అది తేలింది. 2014 స్థానిక ఎన్నికల్లో షెవ్రాన్ 30 లక్షల డాలర్ల దాకా కుమ్మరించి తన వాళ్లను నిలబెట్టింది, వాళ్లంతా ఓడారు. చివరికి 2024లో పెద్ద బేరం కుదిరింది. శుద్ధి చేసే ప్రతి బ్యారెల్‌కూ ఒక డాలరు పన్ను వేద్దామా అని నవంబరు ఎన్నికల్లో ఓటర్లను అడగాలని కౌన్సిల్ తీర్మానించింది. ఆగస్టులోనే కంపెనీ చర్చలకు వచ్చింది. పదేళ్లలో 55 కోట్ల డాలర్లు ఇస్తుంది, మొదటి ఐదేళ్లు ఏటా 5 కోట్లు, తర్వాతి ఐదేళ్లు ఏటా 6 కోట్లు. నగరం పన్ను ప్రతిపాదన వెనక్కి తీసుకుంది.

దీన్ని విజయగాథగా చెప్పడం నాకిష్టం లేదు. బ్యారెల్‌కు డాలరు వేస్తే ఏటా 6 నుంచి 9 కోట్ల డాలర్లు వచ్చేవని అంచనా. ఆ లెక్కన ఊరు తక్కువకే ఒప్పుకుందని అక్కడే చాలామంది అన్నారు. పైగా ఊరి ఖజానా పదేళ్లపాటు పొగగొట్టం మీదే ఆధారపడి బతకాలి. కానీ బేరానికి కూర్చున్నది ఎవరో చూడండి. మేయరు, కౌన్సిల్, వాళ్ల వకీళ్లు. వాషింగ్టన్ రాలేదు, రాష్ట్ర గవర్నరు రాలేదు. ఊరి చేతిలో పన్ను వేసే అధికారం ఉంది, దాన్ని ఓటుకు పెడతామన్న బెదిరింపు ఉంది. కంపెనీ దిగొచ్చింది దానికే.

మరి మన నగరపాలక సంస్థ చేతిలో ఏముంది? ఆస్తిపన్ను ఉంది. భూమి, భవనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలోది, రాష్ట్రం ఇచ్చినంత మేరకే నగరం వేస్తుంది. వృత్తిపన్ను మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు మించకూడదని రాజ్యాంగంలోనే గీత గీశారు. బ్యారెల్ మీద, టన్ను మీద పన్ను వేసే మాటే లేదు. ఉన్న ఆస్తిపన్నుకైనా పెద్ద సంస్థలు సులభంగా తలవంచలేదు. కేంద్రం ఆస్తికి రాష్ట్ర పన్ను వర్తించదని 285వ అధికరణ చెబుతోంది. మేము కేంద్రానికి చెందినవాళ్లమే కదా అని ప్రభుత్వ రంగ సంస్థలు దశాబ్దాల తరబడి దాని చాటున నిలబడ్డాయి. కోర్టులు ఆ చాటును మెల్లమెల్లగా తొలగించాయి. రాష్ట్రానికి వర్తించే 289వ అధికరణ చాటున నిలబడబోయిన మన ఆర్టీసీకి 1964లోనే సుప్రీంకోర్టు, కార్పొరేషన్ వేరు ప్రభుత్వం వేరు అని చెప్పింది. 1982లో కోర్బా బొగ్గు కంపెనీకీ, 1995లో డమ్‌డమ్ మున్సిపాలిటీ కేసులో విమానాశ్రయాల సంస్థకూ అదే మాట. 1999లో హైదరాబాదు ఈసీఐఎల్ వంతు వచ్చింది. వ్యవసాయేతర భూముల పన్ను మాకు పడదన్న ఆ సంస్థ వాదన నిలవలేదు. ఇక నూనె ట్యాంకులు భవనాలే కావు, వాటికి పన్నేమిటి అన్న వాదన కూడా ఒకప్పుడు సుప్రీంకోర్టు దాకా నడిచింది. బొంబాయి మున్సిపాలిటీ, ఇండియన్ ఆయిల్ మధ్య ఆ కేసులో ట్యాంకులకూ పన్ను పడుతుందని తేలింది. మల్కాపురం పక్క రోడ్డు మీద వెళ్తూ గోడ మీదుగా కనిపించే ఆ తెల్లటి గుండ్రటి ట్యాంకులను చూసినప్పుడు, వాటి మీద కూడా ఇంత న్యాయచర్చ జరిగిందా అనిపిస్తుంది.

నిజంగా కేంద్రానివే అయిన ఆస్తుల విషయంలో, అంటే రైల్వే, తపాలా లాంటి వాటి విషయంలో, 2009లో ఒక రాజీ కుదిరింది. రాజకోట్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ముందు కేంద్రం ఒప్పుకున్న సూత్రం అది. పన్ను అనకుండా సేవా రుసుం అంటారు. నగరం సేవలు పూర్తిగా వాడుకుంటే ఆస్తిపన్నులో 75 శాతం, కొంత వాడుకుంటే సగం, ఏమీ వాడుకోకపోయినా మూడో వంతు. పెద్ద సంస్థకూ స్థానిక సంస్థకూ మధ్య చట్టబద్ధమైన సర్దుబాటు అంటూ మనకున్నది దాదాపు ఇదొక్కటే. నౌకాదళం, రైల్వే ఇంత భూమి పట్టుకున్న విశాఖకు అది చిన్న సంగతి కాదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పన్ను వేసేవాళ్లూ అప్పుడప్పుడు జనాన్ని అడగడం మరిచిపోయారు. 1960ల్లో కొత్తగా కలుపుకున్న ప్రాంతాల మీద విశాఖ మున్సిపాలిటీ ఆస్తిపన్ను వేసింది. అక్కడి జనం కోర్టుకెళ్లారు. 1975లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన్నే నిలిచింది. పన్ను వేసే ముందు అభ్యంతరాలు అడగడం మొక్కుబడి కాదు, తప్పనిసరి అని ఆ తీర్పు సారాంశం. దేశమంతటా ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తుంటారు.

ఉక్కు సంగతి వేరే దారిలో నడిచింది. 1966లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా లేచింది. 32 మంది కాల్పుల్లో పోయారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న పునాదిరాయి పడింది. ఆ రాయి వెనక ఇరవై వేల ఎకరాలకు పైగా భూమి, పదుల కొద్దీ పల్లెలు ఉన్నాయి. పరిహారం కుటుంబం కుటుంబానికి వేరుగా లెక్కగట్టారు. అది చాలదనుకున్నవాళ్లు 1894 భూసేకరణ చట్టం కింద కోర్టులో ఎవరికి వారే రెఫరెన్సు వేసుకున్నారు. నిర్వాసిత కుటుంబాలకు పునరావాసం కింద ఆర్ కార్డులు ఇచ్చారు, ఇంటికో ఉద్యోగం అన్న ఆశ పెట్టారు. కార్డు ప్లాస్టిక్ కవర్లో దాచుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ తాత పోయి, కొడుకు ముసలివాడై, మనవడు ధర్నాలో కూర్చున్న ఇళ్లు గాజువాక చుట్టుపక్కల కొల్లలు. ఒక్కో ఊరిని ఒక పక్షంగా తీసుకుని, నీటికి ఇంత, బడికి ఇంత, ఉద్యోగాలు ఇన్ని అని పంచాయతీతో రాసుకుని ఉంటే ఆ కార్డు బరువు ఒక్కో ఇంటి మీదే పడేది కాదు. 2021 జనవరిలో ప్లాంటును పూర్తిగా అమ్మేస్తామని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇస్తామంది. రెండు నిర్ణయాలకూ ఈ పల్లెలు ప్రేక్షకులే.

చట్టంలో ఊరికి ఒకప్పుడు చిన్న పట్టు ఉండేది. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఫ్యాక్టరీ పెట్టాలంటే పంచాయతీ అనుమతి కావాలి. 2002లో రాష్ట్రం సింగిల్ విండో చట్టం తెచ్చాక అది గడువులోగా పడిపోవలసిన ముద్రగా మిగిలింది. అంతకు ముందే, 1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణలో ఒక సందు ఉంది. కంపెనీయే పురసేవలు అందించే చోట మున్సిపాలిటీ లేకుండానే పారిశ్రామిక టౌన్‌షిప్ ప్రకటించవచ్చు. మన తెలుగువాళ్లు మూడు తరాలుగా బతుకుతున్న జంషెడ్‌పూర్‌ను 2023 చివర్లో జార్ఖండ్ ప్రభుత్వం ఆ లెక్కలోకే తెచ్చింది. విశాఖ వేరే దారి తొక్కింది. 2005 నవంబరులో గాజువాక మున్సిపాలిటీని, 32 పంచాయతీలను కలిపి మహా నగరపాలక సంస్థ చేశారు. పెద్ద నగరమైతే గొంతు పెద్దదవుతుందనుకున్నారు. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు మేయరు లేడు, కార్పొరేటర్లు లేరు, ప్రత్యేకాధికారి ఉన్నాడు.

ఆ తొమ్మిదేళ్ల లోపలే 2020 మే 7 తెల్లవారుజాము వచ్చింది. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. పన్నెండు మంది పోయారు. వందల మంది రోడ్ల మీద, కాలువల పక్కన స్పృహ తప్పి పడిపోయారు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలై, 1997లో కొరియా సంస్థ చేతికొచ్చిన ఫ్యాక్టరీ అది. ఊరు దాని చుట్టూ పెరిగింది. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని, 50 కోట్లు జిల్లా మేజిస్ట్రేటు దగ్గర జమ చేయమని కంపెనీని ఆదేశించింది. రాష్ట్రం మృతుల కుటుంబాలకు కోటి చొప్పున ఇచ్చింది. హైకోర్టు ప్లాంటు మూయించింది. 2024 జూలైలో కంపెనీ సుమారు 120 కోట్ల సాయం ప్రకటించింది. ఈ మొత్తాల మధ్య 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. అందులో ప్రాణానికి కట్టిన విలువ 25,000 రూపాయలు, దరఖాస్తు పెట్టుకోవలసింది కలెక్టరుకు. వెంకటాపురం ఘటనకు ఇరవై మూడేళ్ల కిందట, 1997 సెప్టెంబరు 14న మల్కాపురం రిఫైనరీలో గ్యాసు మంటలు లేచి అరవై మంది దాకా చనిపోయినప్పుడు అమల్లో ఉన్నదీ ఆ చట్టమే.

కలెక్టరు ఎంత మంచివాడైనా రేపు బదిలీ అయిపోతాడు. వెంకటాపురం తరఫున కంపెనీ ముందు కూర్చోవలసిన ఎన్నికైన నగర కౌన్సిల్ ఆ రోజు లేదు, ఉన్నా దానికి ఆ అధికారం లేదు. భోపాల్ గ్యాసు దుర్ఘటన విషయంలోనూ ఇదే జరిగింది. 1985 చట్టంతో బాధితులందరి తరఫునా దావా హక్కు కేంద్రం తీసుకుంది. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు యూనియన్ కార్బైడ్‌తో రాజీపడింది. ఆ రాజీని తిరగదోడమని కేంద్రమే వేసిన పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. భోపాల్ నగరానికి ఆ కాగితంలో పాత్ర లేదు.

2013 కంపెనీల చట్టం వచ్చాక లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్నారు, చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వమన్నారు. దాంతో తాగునీటి ప్లాంట్లు, బడి గదులు, వీధి దీపాలు వచ్చాయి. కాదనను. కానీ ఎక్కడ కట్టాలో, ఏం కట్టాలో కంపెనీ బోర్డు నిర్ణయిస్తుంది, శిలాఫలకం మీద కంపెనీ పేరు ఉంటుంది. దాని కోసం కార్పొరేటరు అర్జీ పట్టుకుని కంపెనీ ఆఫీసు దగ్గర కూర్చోవాలి. రిచ్‌మండ్‌లో కంపెనీవాళ్లు వచ్చి కౌన్సిల్ హాల్లో కూర్చున్నారు.

రేవు కథ ముగింపు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 1890 నాటి కలకత్తా పోర్టు చట్టంలో కమిషనర్ల మధ్య కలకత్తా కార్పొరేషన్‌కు ఒక కుర్చీ ఉండేది. తెల్లదొరల కాలం అది, అయినా రేవు ఏ ఊరిదో గుర్తు పెట్టుకున్నారు. 1964లో విశాఖ రేవుకు ట్రస్టు వచ్చింది. 2021 నాటి మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం ఆ ట్రస్టును అథారిటీ చేసి, దాని బోర్డులో ఎవరెవరు ఉండాలో రాసింది. రాష్ట్ర ప్రభుత్వానికి ఒకరు, రైల్వేకు ఒకరు, రక్షణ శాఖకు ఒకరు, కస్టమ్స్‌కు ఒకరు, ఉద్యోగుల తరఫున ఇద్దరు, వీళ్లతోపాటు స్వతంత్ర సభ్యులు, కేంద్రం నియమించేవాళ్లు. నగరపాలక సంస్థకు కుర్చీ వేయలేదు.